మఠం తాంబూలం

ఆ సాయంత్రం సంగమేశం మఠం అరుగు మీద దారికేసి చూస్తూ కూర్చున్నాడు. తెల్లవారితే సంస్థానం నుంచి దివానుగారి మనిషి వస్తాడు. నేతవాడ సంగతి ఏం తేల్చావని అడుగుతాడు.

నూలు మీద సుంకం తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది సంస్థానం ఏలే దొరగారికి ఎటూ తోచలేదు. నేతగాళ్ల మంచిచెడ్డలు కనుక్కుని చెప్పమని మఠానికి కబురంపారు. మరుళయ్య స్వామి ఆ పని సంగమేశానికి అప్పజెప్పారు. శిష్యుల్లో మాటా మన్ననా తెలిసినవాడని అతనికి పేరు.

అతను ఎక్కని గడప లేదు. ప్రతి ఇంటా ఒకటే జవాబు, అంతా బాగుందని, చల్లగా ఉన్నామని. కానీ నేతవాడలో అడుగు పెడితే రేకుల మీద వాన కురిసినట్టు మగ్గాల చప్పుడు ఉంటుందని చిన్నప్పట్నుంచీ విన్నాడు. ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని వెళ్లాడు. వినబడింది కాకుల అరుపు. ఒకరింట్లో మగ్గం గుంటలో కోడిపెట్ట పొదుగుతోంది. చల్లగా ఉన్నామన్న ఆ ఇంటామె అతని మొహంలోకి చూడనే లేదు.

విన్నది చెబితే సుంకం అలాగే ఉండిపోతుంది. చూసింది చెబితే, వాళ్లే బాగున్నామంటుంటే మధ్యలో నీ ఏడుపేమిటంటారు. తను చెప్పిన మాట తప్పయితే అన్ని ఇళ్ల ఉసురూ తనకే.

ఉండబట్టలేక లోపలికెళ్లి స్వామికి అంతా చెప్పుకున్నాడు. స్వామి ఒక్కటే అడిగారు, వాళ్లతో మాట ఎలా కలిపావని.

"మర్యాదగానే స్వామీ. ముందు మఠం తాంబూలం చేతిలో పెట్టి, వాళ్లు నోట్లో వేసుకున్నాకే అడిగాను."

స్వామి లేచారు. తమలపాకులు తుడిచి, వక్క పెట్టి, మడిచి, రెండు చేతులా శిష్యుడికి అందించారు. గురువు చేతి తాంబూలం. సంగమేశానికి ఒళ్లు పులకరించింది. కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఈమధ్య నా పాఠాలు ఎలా ఉంటున్నాయిరా?"

సంగమేశం గతుక్కుమన్నాడు. స్వామి చెప్పిందే చెబుతున్నారని శిష్యులంతా చాటున అనుకుంటున్నదే. పొద్దున పాఠంలో పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వింది తనే. కానీ మఠం తాంబూలం నోట్లో ఉండగా బాగాలేదు, లేదు, కాదు అన్న మాట రాకూడదని ఆ సీమలో పట్టింపు.

"అమృతంలా ఉంటున్నాయి స్వామీ."

స్వామి దీపం వత్తి ఎగదోశారు.

"ఇవాళ ఒకే కథ రెండుసార్లు చెప్పాను. సగంలో నాకే తెలిసింది. మీరంతా తలలూపుతూనే ఉన్నారు" అన్నారు, కోపమేమీ లేకుండా.

సంగమేశం నోట్లో ఆకు నమలలేకపోయాడు, ఉమ్మలేకపోయాడు.

"ఇంతకీ, నేతవాడలో ఏమన్నారన్నావు?"

అతను తల వంచుకున్నాడు.

"తెల్లారితే మనిషొస్తాడు స్వామీ. ఏం చెప్పను?"

"ఇంకా తెలియలేదని చెప్పు."

"ఇన్నాళ్లు తిరిగి ఆ మాటంటే నవ్వుతారు."

"నవ్వుతారు" అన్నారు స్వామి.

పొద్దున్నే వచ్చిన మనిషి నిజంగానే నవ్వాడు. మఠంలో తిండి దండగన్నాడు. సంగమేశం చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఇంకొన్నాళ్లు గడువు అడిగి పుచ్చుకున్నాడు. ఆ మనిషి గుర్రం కనుమరుగు కాకముందే, ఈసారి తాంబూలం లేకుండా, నేతవాడ దారి పట్టాడు.

వాడ మొదట్లో ఓ ముసలామె ఎండలో కూర్చుని చిక్కుపడ్డ నూలు విడదీసుకుంటోంది. సంగమేశం వెళ్లి ఆమె పక్కనే కింద కూర్చుని, రెండో కొస పట్టుకున్నాడు.

ఆ పొద్దంతా అతనేమీ అడగలేదు.