పాలపిట్టకు మంచిపేరు ఎలా వచ్చిందంటే

అనగనగా ఒక అడవి అంచున, రాళ్ళవాగు గట్టు మీద, తల విరిగిన తాటిచెట్టు ఒకటి ఉండేది. ఆ మొద్దులో ఒక తొర్ర. ఆ తొర్రలో పాలపిట్ట కాపురం.

మీరు పాలపిట్టను చూశారా పిల్లలూ? కొమ్మ మీద కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో ఉంటుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. రెక్క విప్పి ఎగిరిందా, అప్పుడు బయటపడుతుంది దాని నీలం.

ఆ చెట్టు కిందే, వాగు గులకరాళ్ళ మధ్య, తీతువుపిట్ట ఉండేది. తీతువు గూడు కట్టదు. రాళ్ళలో చిన్న గుంట చేసుకుని రాళ్ళరంగు గుడ్లు పెడుతుంది. నేల మీద గుడ్లు కదా, పగలంతా కాపలాయే దాని పని. కుక్క వచ్చినా అరుపే, దూడ వచ్చినా అరుపే. మామూలప్పుడు తీతువు చక్కగా మాట్లాడేది. భయం వేస్తే మాత్రం నోట మాట పెగిలేది కాదు. అరుపు ఒక్కటే వచ్చేది.

"వదినా, ఆ గొంతుకు కాస్త సెలవివ్వరాదా? నా పిల్లలు పడుకోవాలి" అనేది పాలపిట్ట.

"నీకేం తల్లీ, మేడ మీద ఉన్నావు. నేను నోరు మూస్తే నా గుడ్లు ఎవరి కడుపులోనో తేలతాయి" అనేది తీతువు.

"ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకుంటావట, నిజమేనా?"

"నిజమే. పడితే ముందు నీ మేడ మీదే పడుతుంది. చూసుకో మరి!"

రెండూ పకపకా నవ్వుకునేవి. అలా ఉండేది వాటి స్నేహం.

ఒక ఎండాకాలం ఉదయాన బీరయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. బీరయ్యది అడవి పక్క ఊరు. నాలుగు బర్రెలు, పది మేకలు ఉన్నవాడు.

"ఈ మొద్దు కొట్టి వాగుకు అడ్డంగా వేస్తే, వానాకాలం దాటడానికి పనికొస్తుంది" అనుకుంటూ చెట్టు చుట్టూ తిరిగాడు.

పాలపిట్ట ఆ మాట విన్నది. తొర్రలో మూడు పిల్లలు ఉన్నాయి. ఇంకా ఈకలు కూడా రాలేదు. ఏం చేయాలో తోచక బీరయ్య తల చుట్టూ గిరగిరా ఎగిరింది. నీలం రెక్కలు ఎండలో తళతళలాడాయి. బీరయ్య గొడ్డలి దించి చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే వాగులోంచి తీతువు అరిచింది. ఎందుకో తెలుసా? ఒక బర్రె దాని గుడ్ల వైపు నడిచి వస్తోంది. అరుపు విని బీరయ్య అటు తిరిగాడు. చూస్తే, రెండు రోజులుగా కనిపించకుండా పోయిన తన బర్రె!

"పాలపిట్ట కనబడింది, పోయిన బర్రె దొరికింది. ఇంత మంచి శకునం నేనెక్కడా చూడలేదు. ఈ చెట్టును నేను ముట్టను, ఇంకొకరిని ముట్టనివ్వను" అన్నాడు బీరయ్య. పాలపిట్టకు దండం పెట్టి, బర్రెను తోలుకుని పోయాడు.

"అరిచి చూపించింది నేను. దండం నీకా?" అంది తీతువు నవ్వుతూ.

"పోనీలే వదినా. నా చెట్టు నిలిచింది కదా."

"నిలవనీలే. నా గుడ్లు చితకలేదు, నాకదే పండగ."

ఇక్కడిదాకా పాలపిట్ట తప్పేం లేదు. అది అబద్ధం ఆడలేదు. ఊరికే ఊరుకుంది. అంతే.

మూడు రోజుల తర్వాత బీరయ్య తండ్రి గట్టయ్య మోదుగాకులు కోసుకోవడానికి వచ్చాడు. పెద్దవాడు. ఎవరి మాటా వినే రకం కాదు. ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని ఎండిన వాగులో నడుస్తున్నాడు.

అతను అక్కడికి చేరే ముందే, రాళ్ళ కింద నుంచి, ఒక రక్తపింజరి పాము బయటికి వచ్చింది. బద్ధకంగా చుట్ట చుట్టుకుని ఎండకు పడుకుంది. తీతువు దాన్ని చూసింది. ప్రాణం పోయేటట్టు అరిచింది. గట్టయ్య తల మీదుగా ఎగిరి ఎగిరి అరిచింది.

"నోర్ముయ్ పిట్టా! నీ గుడ్లు నేనేం చేసుకుంటాను?" అని గట్టయ్య ఒక రాయి విసిరాడు. విసిరి, అడుగు ముందుకు వేశాడు.

ఇంకేముంది, పాము కాటేసింది. ఊరివాళ్ళు మోసుకెళ్ళేలోపే గట్టయ్య ప్రాణం పోయింది.

చెట్టు మీద కూర్చున్న పాలపిట్ట ఇదంతా చూసింది. మొదటి నుంచి చివరి దాకా చూసింది అదొక్కటే.

మరునాడు గట్టయ్య భార్య బాలవ్వ కర్ర పట్టుకుని వాగులోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. వెనక బీరయ్య, పదిమంది ఊరివాళ్ళు. ఒకరి చేతిలో గొడ్డలి కూడా ఉంది.

"ఈ చోటే మంచిది కాదు. చెట్టు, పిట్టలు అన్నీ తీసేద్దాం" అన్నాడు గొడ్డలి పట్టుకున్నవాడు.

"ఆగండి. నిన్న ఆ తీతువు అరుపు ఊరి దాకా వినబడింది. ఆ కూతే పామును పిలిచిందేమో, అడిగి చేద్దాం" అంది బాలవ్వ.

తీతువు ముందుకు వచ్చింది. "అవ్వా, పామును చూసి నేనే అరిచాను. పెద్దాయనను ఆపుదామనే అరిచాను."

"నువ్వు అలాగే అంటావులే" అన్నారు జనం.

బాలవ్వ తల ఎత్తింది. "బిడ్డా పాలపిట్టా, నువ్వు మంచి శకునానివని మా బీరడు చెప్పాడు. నువ్వు చూశావు. ముందు పాము వచ్చిందా, ముందు అరుపు వచ్చిందా?"

పాలపిట్ట గొడ్డలి వైపు చూసింది. తొర్రలో పిల్లలు కిచకిచమంటున్నాయి. నిజం చెబితే వీళ్ళు నమ్ముతారా? నమ్మకపోతే తనను కూడా చెడ్డదాన్ని చేస్తారు. చెట్టు పోతుంది. ఒక్క మాట, రెండు ముక్కలు అటూ ఇటూ మారిస్తే చాలు.

"ముందు తీతువు అరిచింది. అరిచాకే పాము వచ్చింది" అంది పాలపిట్ట.

"వదినా!" అంది తీతువు. ఆ తర్వాత దాని నోట మాట రాలేదు.

బాలవ్వ కర్ర ఎత్తింది. నాలుగు గుడ్లు. నాలుగు దెబ్బలు. తీతువు పైన తిరుగుతూ అరుస్తూనే ఉంది. "చూడండి, ఇంకా ఎవరి చావు కోసం కూస్తోందో" అంటూ జనం రాళ్ళు విసిరారు. అది వాగు దాటి అవతలి బీడులోకి పోయింది.

చెట్టును ఎవరూ ముట్టలేదు.

ఆ ఏడు దసరాకు బీరయ్య పెళ్ళాంపిల్లలతో వచ్చాడు. జమ్మి ఆకు కోసే ముందు పాలపిట్టను చూసి దండం పెట్టుకున్నాడు. మరుసటి ఏడు ఊరు ఊరంతా వచ్చింది. పాలపిట్టకు బాగానే ఉంది. జనం రాగానే ఎగిరి, గాలిలో మొగ్గలు వేసి, రెక్కలు విప్పి చూపించేది. "అబ్బ, ఏం నీలం!" అంటుంటే దాని గుండె ఉప్పొంగేది.

అవతలి గట్టు మీది నుంచి తీతువు ఒకసారి పిలిచింది. "పాలపిట్టా! జనం మరీ ఎక్కువయ్యారు. తొర్ర మార్చుకో."

"కళ్ళు కుడుతున్నాయా?" అంది పాలపిట్ట. అన్నాక దానికే సిగ్గు వేసింది. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది.

ఆ మరుసటి ఎండాకాలం పాలపిట్టకు మళ్ళీ మూడు పిల్లలు. రెక్కలు వచ్చి ఎగరడం నేర్చుకున్నా ఇంకా అమ్మను వదల్లేదు. మేకలు కాసేవాళ్ళు వాగు అవతలికి రాళ్ళు వేయడం అవి రోజూ చూసేవి.

"అమ్మా, ఆ తీతువు ఏం చేసింది?" అని అడిగింది పెద్దది.

పాలపిట్ట ఏం చెబుతుంది? నేను అబద్ధం ఆడాను అని పిల్లలతో చెప్పగలదా?

"దాని నోరు మంచిది కాదు. అది కూస్తే ఎవరికో కీడు. దాని కూత వినబడగానే మీరు తొర్రలోకి దూరి తల లోపలికి పెట్టుకోండి. విన్నారా?" అంది.

"విన్నాం అమ్మా" అన్నాయి మూడూ.

దసరా దగ్గరికి వచ్చింది. ఊళ్ళో ఒక మాట పుట్టింది. ముసలివాళ్ళు, నడవలేనివాళ్ళు వాగు దాకా ఎలా వెళ్తారు? వాళ్ళకు పాలపిట్ట దర్శనం అక్కర్లేదా?

"మీరు రావడం ఎందుకు? నేను గడప గడపకు తెచ్చి చూపిస్తాను. ఇంటికి ఇన్ని గింజలు పెట్టండి, చాలు" అన్నాడు పక్క ఊరి ఎల్లేశం. పిట్టలు పట్టడంలో చేయి తిరిగినవాడు.

పండగకు ముందు రోజు ఉదయం ఎల్లేశం చెట్టెక్కే మోకు, వలసంచి తీసుకుని వాగు గట్టుకు వచ్చాడు. పాలపిట్ట అప్పుడు దూరంగా చేలో మిడతలు ఏరుతోంది. పిల్లలు మూడూ తాటిమొద్దు మీద ఎండ కాచుకుంటున్నాయి.

అవతలి బీడులోంచి తీతువు వలసంచిని చూసింది. దానికి ఆ పిల్లలతో ఏం పని చెప్పండి? అయినా అరిచింది. వాగు దాటి వచ్చి మరీ, రాళ్ళు తగిలినా తగలనీ అని, ఆ చెట్టు చుట్టూ తిరుగుతూ అరిచింది.

పిల్లలు విన్నాయి. ఎగరడానికి ఆకాశం అంతా ఖాళీగానే ఉంది. కానీ అమ్మ చెప్పిన మాట వాటికి బాగా గుర్తుంది. మూడూ ఒకదాని వెనక ఒకటి తొర్రలోకి దూరాయి. తలలు లోపలికి పెట్టుకున్నాయి.

చేలో ఉన్న పాలపిట్ట కూడా విన్నది. ఆ అరుపుకు అర్థం తెలిసింది ఈ లోకంలో దానికి ఒక్కదానికే. నోట్లో మిడత జారిపోయింది. "ఎగరండి! బయటికి ఎగరండి!" అని కేకలు వేస్తూ వచ్చింది.

అప్పటికే ఎల్లేశం మోకు మీద పైకి ఎక్కాడు. తొర్ర మూతికి వలసంచి ఆనించి, మొద్దు మీద రెండు దెబ్బలు కొట్టాడు. మూడు పిల్లలూ వాటంతట అవే సంచిలోకి వచ్చి పడ్డాయి.

పండగ పొద్దున పాలపిట్ట ఊళ్ళోకి వెళ్ళింది. వెదురు పంజరంలో పిల్లలు ఉన్నాయి. రెక్కలకు దారం కట్టి ఉంది. చిన్నదాని రెక్కలో దారం కోసుకుపోయి రక్తం కారుతోంది. ఎల్లేశం మొట్టమొదట బాలవ్వ ఇంటికే వచ్చాడు. పంజరం అరుగు మీద పెట్టి మంచినీళ్ళ కోసం బావి వైపు వెళ్ళాడు. బాలవ్వ కళ్ళు మూసుకుని దండం పెడుతోంది.

పాలపిట్ట ఇంటి చూరు మీద వాలింది. "అవ్వా, ఆ దండం దించు. నేను మంచి శకునాన్ని కాను. తీతువు చెడ్డ శకునమూ కాదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

బాలవ్వ కళ్ళు తెరిచింది. దండం దించింది.

"ఏది, వరసగా చెప్పు" అంది.

"ముందు పాము వచ్చింది. దాన్ని చూసి తీతువు అరిచింది. ఆ తర్వాత పెద్దాయన రాయి విసిరి, అడుగు ముందుకు వేశాడు."

"అంటే, ఆ అరుపు విని ఆయన ఆగి ఉంటే..."

"బతికేవాడు అవ్వా."

బాలవ్వ తన చేతుల వైపు చూసుకుంది.

"ఈ మాట నాకొద్దు బిడ్డా" అంది మెల్లగా. "ఆయన తన మొండితనంతో పోయాడని ఊరు అనుకోవాలా? నేను ఒక తల్లి గుడ్లు ఊరికే చితకగొట్టానని నా మనవలకు చెప్పుకోవాలా? తీతువు చెడ్డది. అంతే. అలా ఉంటేనే నాకు కన్ను మూతపడుతుంది."

"మరి నా పిల్లలు?"

"నీ పిల్లలను ఇప్పిస్తాను. నువ్వు ఈ మాట ఇంకో గడప దగ్గర అనకూడదు. ఏమంటావు?"

పాలపిట్ట పంజరం వైపు చూసింది. ఊరి బయట వాగు వైపు నుంచి తీతువు గొంతు సన్నగా వినబడుతోంది. దానికి ఒక్క సాక్ష్యం కావాలి. ఆ ఒక్క సాక్ష్యం తనే.

"అనను" అంది పాలపిట్ట.

ఎల్లేశం రాగానే బాలవ్వ కుంచెడు జొన్నలు ముందు పెట్టింది. "మా గడపలోకి వచ్చిన శకునం మళ్ళీ పంజరంలో పోకూడదు. వదిలెయ్" అంది.

"నీకేం అవ్వా, ఊరంతా కాచుకుని ఉంది. నేను మళ్ళీ పోయి పట్టుకోవాలి" అని గొణిగాడు ఎల్లేశం.

"పట్టుకో. అడవి నిండా ఉన్నాయి కదా" అంది బాలవ్వ.

పాలపిట్ట ఆ మాట విన్నది. విని కూడా నోరు విప్పలేదు. రెండు పిల్లలు ఎగిరి, మూడోది ఎగరలేక నేల మీద గెంతుకుంటూ, సాయంత్రానికి ఎలాగో వాగు చేరాయి.

తీతువు గట్టు మీదే కాచుకుని ఉంది. "పిల్లలు దొరికారా? హమ్మయ్య. ఊరికే వదిలి ఉండరు. నిజం చెప్పేశావా మరి?"

"చెప్పాను."

"చెబితే ఏమన్నారు?"

పాలపిట్ట తల పక్కకు తిప్పుకుంది. తీతువుకు అర్థమైంది. అది కేకలు వేయలేదు, తిట్టలేదు.

"నా గుడ్లు నాలుగు" అంది. పొడుగు కాళ్ళతో రాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు ఎల్లేశం అడవిలో ఇంకో చెట్టు ఎక్కి ఇంకో తల్లి పిల్లలను పట్టుకున్నాడు. మరుసటి దసరాకు ఎల్లేశం వెంట ఇంకో నలుగురు వలలు తెచ్చారు. ఆపమని చెప్పగలిగిన పిట్ట ఒక్కటే. అది మాట ఇచ్చి కూర్చుంది. తీతువు మాత్రం పామును చూసినప్పుడల్లా ఇప్పటికీ అరుస్తూనే ఉంది. జనం తలుపులు వేసుకుంటూనే ఉన్నారు.

నీతి: ముందు ఏది జరిగింది, వెనక ఏది జరిగింది అని తెలిసి కూడా తారుమారు చేసి ఒకరి మీద చెడ్డపేరు వేయకండి. తర్వాత మీరే వచ్చి నిజం చెప్పినా, ఆ అబద్ధంతో సుఖపడేవాళ్ళు దాన్ని తిరిగి తీసుకోనివ్వరు.