చుట్టకుదురు తల్లికి కిరీటం ఎందుకు లేదు

ఇసుకవాగు రేవు నుంచి పేరూరుపాడు ఊళ్లోకి ఎక్కే కాలిబాటలో, మెరక మొదలయ్యే చోట చుట్టకుదురు తల్లి గుడి ఉంది. గోపురాన్ని ఊహించుకుని వచ్చే భక్తులు గుర్తుపట్టలేక ఊళ్లోకి వెళ్లి, దారి అడిగి, మళ్లీ కిందికి దిగివస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. ఇక్కడ ఉన్నదల్లా రాతి స్తంభాలు, పెంకుల కప్పు, దాని కింద నడుమెత్తు నల్లరాయి. ఆ రాతికి పసుపు, కుంకుమ, వెండి కళ్లు అన్నీ ఉన్నాయి గాని కిరీటం లేదు. కిరీటం ఉండాల్సిన చోట పాతగుడ్డల చుట్టకుదుళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బిందె గాని మూట గాని నెత్తికెత్తుకునేటప్పుడు ఒత్తుకోకుండా కింద పెట్టుకునే గుడ్డచుట్టలే అవి. "ఇదేం అమ్మవారండీ బాబూ!" అని కొత్తవారు ముక్కున వేలేసుకోవడం మాకు అలవాటే.

ఇక్కడి పూజారిణి భక్తుల్ని గోత్రం అడగదు. "ఇక్కడిదాకా మిమ్మల్ని మోసింది ఏమిటి?" అని అడుగుతుంది. చాలామంది తెల్లముఖం వేసి "ఆటో" అంటారు. అది కూడా తప్పు జవాబేమీ కాదు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే నాంచారి కథ వినాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. రేవు నుంచి వచ్చేవారు బరువులు దించుకుని ఊపిరి తీసుకునే రాయి మాత్రం ఉండేది. ఊరి బట్టలుతికే తిరుపాలు, అతని భార్య నాంచారి రోజూ తమ మూటలు ఆ రాతి మీదే దించుకునేవారు. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగు సన్నబడింది. ఆపైన ఊళ్లోకి విషజ్వరాలు వచ్చి, తిరుపాలును మంచాన పడేశాయి. జ్వరమైతే తగ్గింది గాని మనిషి లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. వైద్యుడు నాడి పట్టి చూసి, "ఒంట్లో ఏ రోగమూ లేదమ్మా. అతనికి లేవాలని లేదు, అంతే" అని చెప్పి వెళ్లిపోయాడు. అదేం జబ్బో, దానికి ఏ కషాయం కాచాలో నాంచారికి పాలుపోలేదు.

ఇద్దరి చాకిరీ ఒక్కతే చేసేది, ఇద్దరి మూటలూ ఒక్కతే మోసేది. రాతి మీద మూట దించిన ప్రతిసారీ, "తల్లీ, మా ఆయన్ని లేపు. నాకింకేమీ వద్దు" అని మొక్కుకునేది.

ఒకనాడు మధ్యాహ్నం రేవులో బట్టలు ఆరవేసి, కానుగ నీడన నడుం వాల్చింది. కలలో ఒక ముసలావిడ ఆమె మూట మీద దర్జాగా కూర్చుని ఉంది. "నాదొకటి నీ దగ్గర ఉండిపోయిందే నాంచారీ. గుర్తు లేని గుడ్డ. అది తెచ్చి నాకియ్యి, తరవాత నీ మొగుడి సంగతి చూస్తా" అన్నది. ఏ గుడ్డ, ఎట్లా ఉంటుంది అని అడిగేలోపు మెలకువ వచ్చేసింది. దేవతలకు ఇదొక అలవాటు. సగం చెప్పి ఊరుకుంటారు, మిగతా సగానికి మనం బుర్ర బద్దలు కొట్టుకోవాలి.

చాకలివారి దగ్గర గుర్తు లేని గుడ్డ అంటూ ఉండదు. కొత్తబట్ట తొలి ఉతుకుకు రాగానే మూలన నల్లజీడి గింజ రసంతో గుర్తు పెడతారు. జంట చుక్కలు ఒకరి ఇల్లు, కొక్కెం ఇంకొకరి ఇల్లు. బట్ట చిరిగినా ఆ మరక పోదు. నాంచారి ఆరవేసిన బట్టలన్నీ మూలమూలా తిప్పి చూసింది. చివరికి ఒక పచ్చచీరకు గుర్తు కనబడలేదు. అది మునసబు గారి భార్య భద్రమ్మ ఆ పొద్దునే ఇచ్చిన కొత్తచీర అని ఆమెకు తెలుసు. తెలిసి కూడా, అమ్మవారు అడిగింది దీన్నేనేమో, భద్రమ్మ చేత తన దగ్గరికి పంపించిందేమో అని మనసు అటూ ఇటూ కొట్టుకుంది. మొగుడు లేస్తాడన్న ఆశ దాన్ని అటే నెట్టింది. చీర తీసుకెళ్లి రాతికి చుట్టి, దండం పెట్టి, ఇంటికి పరుగెత్తింది. తిరుపాలు గోడవైపే ఉన్నాడు.

ఆమె గడప దాటి బయటికి వచ్చేసరికి భద్రమ్మ వీధిలో నిలబడి ఉంది. ఊళ్లో కబురుకు కాళ్లెక్కువ.

"నా చీర తీసుకుపోయి రాతికి కట్టావంటనే!"

"దానికి గుర్తు లేదమ్మా, అందుకని..."

"గుర్తు పెట్టాల్సింది నువ్వే కదటే!"

ఆ మాటా నిజమే. పొద్దుగూకేలోపు చీర మళ్లీ ఉతికి తన గడపలో పెట్టమని భద్రమ్మ చేయి ఊపి వెళ్లిపోయింది. నాంచారి రాతికి కట్టిన చీర విప్పి, రేవుకు దిగి, ఉతికి ఆరవేసి, ఈసారి బుద్ధిగా గుర్తు కూడా పెట్టింది. బట్టలన్నీ మూటకట్టి నెత్తికెత్తుకుని మెరక దాకా వచ్చేసరికి సాయంత్రం అయింది.

రాతి మీద మూట దించింది గాని ముందుకు అడుగు పడలేదు. మూట విప్పి, ఒక్కో బట్ట మూలా మళ్లీ చూసింది. అన్నిటికీ గుర్తులున్నాయి, అన్నిటికీ ఇళ్లున్నాయి. అమ్మవారిది మాత్రం లేదు. కోపం, ఏడుపు కలిసే వచ్చాయి.

"తేటగా చెప్పి ఏడవొచ్చుగా తల్లీ! మొగుడు మంచాన పడి నేను దిక్కుతోచక చస్తుంటే, నాతో ఈ ఆటలేంది?"

నెత్తిన ఇంకా ఉన్న చుట్టకుదురు లాగి, విప్పి, కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే చేతి అలవాటు కొద్దీ మూల తిప్పి చూసింది. గుర్తు లేదు.

ఎందుకుంటుంది? ఊరందరి బట్టలకూ గుర్తు పెట్టే మనిషి తన గుడ్డకు పెట్టుకోదు. అది తిరుపాలు పాతపంచె ముక్క. నాంచారి పుట్టింట్లో మూటలు గాడిదలే మోసేవి. కాపురానికి వచ్చిన కొత్తలో మూట మోసి మోసి మాడు పుండైతే, తిరుపాలు పంచె చించి, తన చేత్తో చుట్టచుట్టి, ఆమె నెత్తిన పెట్టి, "ఇప్పుడు చూడు" అన్నాడు. ఆనాటి నుంచి ప్రతి బరువుకూ ఆమె నెత్తికీ మధ్య ఈ గుడ్డ ఉంది. అందుకే ఒక్కరోజు కూడా దాని ముఖం చూడలేదు.

"ఇదా నువ్వడిగింది? ఈ పేలికా? ఇది నాది కదా, నీదెట్టా అయింది?" అని అడిగింది. ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని రాతి పక్కన కూర్చుంది. ఆ తరవాత ఏమైందో ఏమో, అడగడం మాని చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ గుడ్డ నన్ను మోసింది తల్లీ, మోసేదల్లా నీదేనేమో. నేను రేవులో ఉంటే, పక్కింటి ఈరమ్మ మా ఆయనకు గంజి తాగిస్తోంది. వాన లేదని ఏడుస్తున్నా గాని, ఆ ఎండే బట్టలు ఆరబెట్టి పెడుతోంది. భద్రమ్మ గారి నోరు మంచిది కాదు, ఆవకాయ మంచిది. అన్నం ముద్దతో పాటు రోజూ పంపిస్తుంది."

చెబుతూ చెబుతూ తానే తికమకపడింది. మొక్కుకోవడానికి కూర్చున్నది, మొక్కు సంగతే మరిచిపోయింది. గుడ్డను మళ్లీ చుట్టచుట్టి రాతి నెత్తిన పెట్టింది. అప్పుడు గాని తట్టలేదు, చుట్టకుదురు ఇచ్చేశాక ఇంత మూట ఇక ఎట్లా మోసేదని. ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోకుండా ఇంటికి చేరేదెట్లా? అలాగే నిలబడిపోయింది. పొద్దుగూకింది.

మెరక మీద నుంచి ఎవరో కర్ర ఊతంగా తూలుతూ దిగివచ్చారు. నెత్తిన తలగుడ్డ, చిక్కిపోయిన మొహం.

"పొద్దుగూకినా ఇంటికి రాలేదేందే?" అన్నాడు తిరుపాలు.

"నువ్వు... లేచావా?"

"ఏమో. నువ్వు రాకపోతే, చూసి చూసి..." తాను నిలబడి ఉన్నట్టు అప్పుడే చూసుకున్నవాడిలా కాళ్లకేసి చూసుకున్నాడు. తరవాత తన తలగుడ్డ విప్పి, చుట్టచుట్టి, ఆమె నెత్తిన పెట్టాడు. నాంచారి భోరున ఏడ్చింది.

ఇది అమ్మవారి మహిమా, పెళ్లాం మీద బెంగా అని భక్తులు నేటికీ వాదించుకుంటారు. మాకూ తేలలేదు. ఆ రాతికే తరవాత కప్పు వేసి గుడి చేశారు, నెత్తిన చుట్టకుదురు ఉంది గనక కిరీటం పెట్టలేదు. ఇక్కడ పూజ మాత్రం నాంచారి వంశంవారే చేస్తున్నారు.

నేటికీ ఇక్కడికి వచ్చే భక్తులు రేవు నుంచి బిందెడు నీళ్లో చిన్న మూటో నెత్తిన పెట్టుకుని మెరక ఎక్కుతారు. బరువు దించి, తమ చుట్టకుదురు తల్లికి పెట్టి, తమను మోసినవేమిటో పైకి చెబుతారు. వెళ్లేటప్పుడు ఎవరో తెలియనివారు వదిలిన చుట్టకుదురు ఒకటి ఇంటికి తీసుకుపోతారు. కోరిక చెప్పుకోవడం మాత్రం మోసినవన్నీ చెప్పాకే. అప్పటికి చాలామంది ఏం అడగడానికి వచ్చారో మరిచిపోయి, తల గోక్కుంటూ నిలబడతారు. తల్లి దగ్గర ఆ తికమక శుభమనే పెద్దలు చెబుతారు.

మీకూ ఏం చెప్పాలో తోచకపోతే కంగారుపడకండి. పొద్దుగూకినా మీరు ఇల్లు చేరకపోతే ఎవరు లేచి ఎదురొస్తారో, ముందు వారి పేరు తల్లికి చెప్పండి.