చెట్టెక్కిన హద్దు కొయ్యలు

దగ్గరికి జరగండర్రా, అంత దూరాన కూర్చుంటే నా మాట వినబడదు.

పూర్వం ఓ రాజ్యంలో వాగు పక్కన దట్టమైన అడవి ఉండేది. దాన్ని నరికించి ఇళ్ల స్థలాలు వేయాలని దివానుగారికి బుద్ధి పుట్టింది. వేసవిలో నేల కొలిపించి, తన ముద్ర కొట్టిన హద్దు కొయ్యలు పాతించాడు. ఏడాది తిరిగాక రాజుగారు ఏనుగెక్కి చూడటానికి వస్తే, ఒక్క కొయ్యా కనబడలేదు.

"ఆ మిట్ట మీది చేపలవాళ్లే పీకేశారు ప్రభూ! వీళ్ల గుడిసెలు ఖాళీ చేయిస్తేగానీ పని సాగదు," అన్నాడు దివాను.

మిట్ట మీది గుడిసెల్లోంచి చెంచమ్మ దిగివచ్చింది. వాగులో చేపలు పట్టుకు బతికే మనిషి.

"మేం పీకలేదు దొరా. ఎక్కడున్నాయో మాత్రం తెలుసు," అంటూ ఓ మద్దిచెట్టు పైకి చూపించింది. ఏనుగు వీపుకన్నా ఎత్తున, కొమ్మల మధ్య ఎండుచెత్త ఇరుక్కుని ఉంది.

"అది కాకిగూడే, పిచ్చిదానా!" అని నవ్వాడు దివాను.

మావటివాడు ఏనుగు మీద నిలబడి దాన్ని లాగాడు. గడ్డీ మట్టీ రాలి, దివాను ముద్రతో నాలుగు కొయ్యలు కిందపడ్డాయి.

"అంత పైకి ఎవరు పెట్టారు?" అన్నారు రాజుగారు.

చెంచమ్మ తల దించలేదు. "వాగే, దొరా. దివానుగారు ఎండల్లో కొలిచారు, అది శ్రావణం వరదలో కొలిచింది. ఎవరి కొలత ప్రకారం ఇళ్లు కట్టిస్తారో మీ ఇష్టం."

అడవి మీద గొడ్డలి పడకూడదని రాజుగారు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు. చెంచమ్మ గుడిసెను ఎవరూ ముట్టుకోలేదు.

సరే, ఇక లేవండి. ఇళ్లలో అన్నాలు చల్లారిపోతాయి, వెళ్లి తినండి.