కరగని మైనం

కరువు రోజులు. రాజుగారి గంజిపాకలో వంట నూకాలుది. కట్టెల మీద పెత్తనం భుజంగరాయుడిది. అతను పొయ్యి గోడకు బయటవైపు ఒక మైనం ముద్ద అంటించాడు. పొయ్యి సరిగ్గా మండితే మైనం కరగాలి. కరగలేదంటే వంటమనిషి కట్టెలు దొంగిలించినట్టే. శిక్ష, కుడిచెయ్యి నరకడం. ఆకలితో చచ్చేవాళ్ళకు గంజి పోసేచోట కూడా కత్తి ఉండాల్సిందే ఆ ప్రభువులకు!

ఆ పొద్దున మైనం కరగలేదు.

"బాబయ్యా, రోజూ తెల్లారి పొయ్యి అలుకుతాం. మన్ను మీద మన్ను పేరుకుని గోడ మందమైపోయింది. లోపలి సెగ బయటికెలా తగుల్తుంది? ఆ మన్ను చెక్కించి మళ్ళీ చూడండి" అంది నూకాలు.

"నాకే నేర్పుతావుటే? మైనానికి అబద్ధమాడే అవసరమేముంది? పొయ్యి చల్లగా ఉంది, అంతే!"

భటుడు కత్తి దూశాడు. గంజికి నిలబడ్డ జనం తలలు దించుకున్నారు.

నూకాలు తన చెయ్యి తానే కట్టెలు కొట్టే మొద్దు మీద పెట్టింది.

"నరికించండి దొరా. చల్లటి పొయ్యే కదా, మీ చెయ్యి లోపల పెట్టండి. అది లోపలున్నంతసేపట్లో నాది నరకమనండి."

రాయుడు పొయ్యిలోకి చూసి వెనక్కి జరిగాడు.

"కాలి చావనూ?"

"నేను చెప్పిందీ అదే కదా బాబయ్యా."

భటుడు కత్తి ఒరలో పెట్టేశాడు. ఎవరూ నవ్వలేదు. నూకాలు గరిటె అందుకుంది. వరసలో మొదట నిలబడ్డది, నూకాలుకంటే ముందు ఆ పొయ్యి దగ్గర వండిన చిట్టెమ్మ. మిగిలిన ఎడమచేత్తో ముంత చాపింది.

"ఆ మాట నాకు తోచలేదే, నూకాలూ" అంది.