తడి పంచె

సంస్థానం నుంచి పల్లకి వచ్చి తెల్లారేసరికి మఠం ముందు ఆగింది. రాజావారికి ఆస్థాన వైద్యుడు కావాలట. పిలుపు అందుకున్న మఠం వైద్యుడు బసవలింగం ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నాడి పట్టి రోగం చెప్పడంలో తుంగభద్ర ఒడ్డున తనంతవాడు లేడని అతని నమ్మకం. నలభై ఆరేళ్ళ మనిషి పెళ్ళికొడుకులా ముస్తాబై కూర్చున్నాడు. గురువు విరూపాక్షస్వామి మాత్రం సెలవివ్వడం లేదు.

"నా మీద కోపమా స్వామీ?"

ఎనభై దాటిన ఆ గురువు బానలో నానుతున్న తన కావిపంచె తీసి శిష్యుడి చేతికిచ్చాడు.

"పిండు నాయనా."

వెళ్ళేరోజు కూడా ఈ చాకిరీ తప్పలేదే అని లోపల విసుక్కుంటూ బసవలింగం పిండాడు.

"అయింది స్వామీ."

గురువు అందుకుని ఒక్క మెలిక తిప్పాడు. దోసెడు నీళ్ళు బండ మీద పడ్డాయి.

బసవలింగం నవ్వేసి పంచె మళ్ళీ ముంచాడు. ఈసారి పళ్ళు బిగించి, ఇక చుక్క రాదనుకునేదాకా పిండాడు. గురువు తిప్పాడు. మళ్ళీ అన్ని నీళ్ళే.

మూడోసారి నవ్వు రాలేదు. మంచు కమ్మిన వాకిట్లో బండ మీద నీళ్ళు పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. పుల్లల్లాంటి ఆ ముసలిచేతుల్లోంచి అన్ని నీళ్ళు కారుతుంటే అతను తన చేతుల వంక చూసుకున్నాడు.

గబగబా తన నాడి తనే చూసుకున్నాడు.

"నాడి బాగానే ఉంది కదా స్వామీ!"

"కమ్మరి రుద్రాచారి నాడీ బాగానే ఉండేది. చేతిలో సుత్తి నిలవడం లేదని నీ దగ్గరికి వచ్చాడు. ఏమీ లేదు పొమ్మన్నావు."

బసవలింగం తల దించుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే రుద్రాచారికి కుడిపక్కంతా పడిపోయింది.

"నాకూ అంతేనా?"

"పట్టు సడలినవాళ్ళందరికీ పక్షవాతం రాదు నాయనా. వచ్చినవాళ్ళలో చాలామందికి మాత్రం ముందే పట్టు సడలడం చూశాను. నీకు వస్తుందో రాదో నాకు తెలియదు."

తెలియదన్న ఆ మాటకే అతను ఎక్కువ భయపడ్డాడు.

"ఎండెక్కుతుంది, బయల్దేరండి సామీ" అని వీధిలోంచి పల్లకి మోసే బోయీలు కేకేశారు.

గురువు చెయ్యి చాపాడు. బసవలింగం అందుకున్నాడు.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నాను స్వామీ."

గురువు కొంచెం లాగితే ఆ చెయ్యి అతని పట్టులోంచి సగం జారిపోయింది. అప్పుడు బసవలింగమే వీధి వైపు తిరిగి, "పల్లకి తీసుకుపొండి, నేను రావడం లేదు" అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.