ఒళ్లు విదిలించని బొల్లిగాడు

అనగనగా... ఆగండాగండి. ముందు మీరు ఊ కొట్టండి, అప్పుడే నోరు విప్పుతాను. ఊ కొట్టనివాళ్లకు కథ చెప్పడమూ, గోడకు చెప్పుకోవడమూ ఒకటే. ఆ, అదీ! అలా కొట్టాలి.

అనగనగా ముళ్లవంక అని ఒక ఊరు. ఆ ఊళ్లో మేకలు కాచుకునే ఎర్రక్క. ఆమెకు పోలి అని ఒక్కగానొక్క కూతురు.

ఒక ఏడు పోలికి జ్వరం తగిలింది. కషాయం పోశారు, తగ్గలేదు. తాయెత్తు కట్టారు, తగ్గలేదు. ఇక ఎర్రక్క తడిబట్టలతో ఊరమ్మ గుడికి పరుగెత్తింది. "తల్లీ, నా బిడ్డను లేపి కూర్చోబెట్టు. నా చూడిమేక ఈనే పోతుపిల్లను నీకిస్తాను" అని మొక్కుకుంది. తెల్లారేసరికి పోలి లేచి కూర్చుని గంజి అడిగింది.

ఆ తర్వాత పుట్టినవాడే మన బొల్లిగాడు. ఒళ్లంతా నలుపు, నొసట మాత్రం తెల్లమచ్చ. పాపం, వాడింకా కళ్లు తెరవకముందే వాడి గురించి మాట ఇచ్చేశారు.

ఎర్రక్క వాణ్ని బిడ్డలా సాకింది. వంకకు తీసుకెళ్లి తన చేత్తో నీళ్లు పోసి, చెవుల వెనక రుద్ది కడిగేది. ఆమె చేతి నీళ్లు పడితే చాలు, వాడు హాయిగా ఒళ్లంతా విదిలించేవాడు. పక్కనున్న పోలి తడిసి ముద్దయ్యేది, కిలకిలా నవ్వేది. మొక్కు సంగతి ఎర్రక్క మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది. "మొక్కిన మొక్కు! నా చేతుల్లో ఏముంది?" అని నిట్టూర్చేది.

మాఘమాసం వచ్చింది. తెల్లారితే జాతర అని చాటింపు వేశారు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది, చెవి ఒగ్గి వినండి, కథంతా దీని మీదే నడుస్తుంది. పోతును ఊరికే నరకరు. గుడి ముందు నిలబెట్టి దాని మీద నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే చావుకు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి లేవదు.

చాటింపు విన్న బొల్లిగాడికి ఒక సందేహం పుట్టింది. "ఇస్తామని ముందే మాటిచ్చేశారు కదా, మళ్లీ నన్ను అడగడం దేనికి? నన్ను అడిగేటట్టయితే, ముందే మాటివ్వడం దేనికి?" ఎంత ఆలోచించినా తెగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెగలేదు.

వాడు వెళ్లి మందలోని ముసలి పొట్టేలును అడిగాడు. "తాతా, రేపు నేను ఒళ్లు విదిలిస్తానా, విదిలించనా?"

పొట్టేలు నెమరు ఆపకుండానే చెప్పింది. "అంతా రాసిపెట్టి ఉంటుందిరా మనవడా. విదిలిస్తావని రాసి ఉంటే విదిలిస్తావు."

"విదిలించకపోతే?"

"విదిలించవని రాసి ఉన్నట్టు."

"ఎక్కడ రాసి ఉంది తాతా?"

"నీ నొసటనే. ఆ తెల్లమచ్చ ఏమిటనుకున్నావ్?"

బొల్లిగాడు తన నొసలు తనే చూసుకుందామని కళ్లు పైకి తిప్పాడు. మెడ నొప్పి పుట్టింది గాని మచ్చ కనపడలేదు.

దడి మీద కాకి కూర్చుని ఉంది. అది పకపకా నవ్వింది. "ఆ ముసలాడి మాటలు వింటే అంతే సంగతులు! రాతా లేదు, గీతా లేదు. ఎవరి ఇష్టం వాళ్లది. నన్ను చూడు, నా ఇష్టమైతే ఎగురుతాను, ఇష్టం లేకపోతే ఇక్కడే కూర్చుంటాను. నన్ను కదిపే మొనగాడెవడూ..." అంటూ ఉండగానే ఎవరో పెరట్లో అన్నం మెతుకులు విసిరారు. కాకి మాట మధ్యలో వదిలేసి రివ్వున పోయింది.

"ఇది తన ఇష్టంతో పోయిందా, మెతుకులు పిలిస్తే పోయిందా?" అని బొల్లిగాడు నోరు తెరుచుకుని చూశాడు. ఉన్న తికమకకు ఇంకో తికమక తోడయింది.

చివరికి చాకిరేవు గాడిద దగ్గరికి వెళ్లాడు. గాడిద ఒక గుంజకు కట్టేసి ఉంది. అది చాలాసేపు చెవులాడించి, అప్పుడు చెప్పింది. "ఇదిగో అబ్బీ, తాడు కట్టింది వాళ్లే. ఎంత పొడుగు కట్టాలో వాళ్లిష్టమే. కానీ తాడు అందినంత మేర ఏ గడ్డి కొరకాలో తాడు చెప్పదు. అది నేనే చూసుకుంటాను."

"మరి రేపు నా తాడు మరీ పొట్టి కదా!"

"పొట్టిదే. అయినా ఎంతో కొంత ఉంటుంది, చూసుకో" అంది గాడిద.

తెల్లారింది. పళ్లు పటపటమనే చలి. డప్పులు మోగుతున్నాయి. గుడి ముందు ఊరంతా చేరింది. నడుమ పెద్దకాపు ఓబులప్ప తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. పక్కన కత్తి పట్టుకుని కొండడు.

బొల్లిగాడు కొండడి వైపు చూసి "మే" అన్నాడు. కొండడికి జాలేసింది. "నా చేతుల్లో ఏముందిరా? పెద్దకాపు చెప్తే చేసేవాణ్ని" అన్నాడు.

అది విని పెద్దకాపు, "నా చేతుల్లో మాత్రం ఏముంది? తాతల నాటి ఆచారం" అన్నాడు.

మొదట పసుపునీళ్లు వీపు మీద పోశారు. చలికి బొల్లిగాడి ప్రాణం జిల్లుమంది. అయినా గాడిద మాట గుర్తు తెచ్చుకుని బిగదీసుకుని నిలబడ్డాడు. జనం "ఊఁ" అని కాచుకున్నారు. వాడు కదల్లేదు.

రెండోసారి చెవుల్లో పోశారు. అబ్బ, ఎంత కష్టమో! లోపల వణుకు మెడ నుంచి బయలుదేరి తోక దాకా పోయింది. తోక చివర కాస్త కదిలింది.

"ఒప్పుకుంది!" అని ఒకడు అరిచాడు.

"తోక లెక్కలోకి రాదు!" అని ఇంకొకడు.

"అమ్మవారే తోక కదిలించింది!"

"మరి అమ్మవారికి ఒళ్లు కదిలించడం బరువా?"

ఇలా సగం ఊరు అటూ, సగం ఊరు ఇటూ అయ్యి ఒకటే గోల. బొల్లిగాడికీ ఏమీ పాలుపోలేదు. "నేను నిలబడుతున్నది నా పట్టుదలతోనా? మా అమ్మా ఇలాగే మొండిదట. మరి ఈ మొండితనం నాదా, మా అమ్మదా?" అనుకుంటూ నిలబడే ఉన్నాడు.

పెద్దకాపు చెయ్యెత్తి గోల ఆపాడు. "ఎర్రక్కా, పెంచినదానివి, నువ్వే నీళ్లు పొయ్యి. నీ చేతి నీళ్లకైతే కాదనదు" అని కుండ ఆమె చేతికిచ్చాడు.

ఎర్రక్కకు తెలుసు. తను నీళ్లు పోసి చెవుల వెనక రుద్దితే వాడు విదిలిస్తాడు. విదిలించకుండా ఉండలేడు. మరుక్షణం కత్తి లేస్తుంది. పోయకపోతే మొక్కు తప్పినట్టవుతుంది. అమ్మవారికి కోపం వచ్చి పోలికి మళ్లీ జ్వరం వస్తే? బొల్లిగాడు ఆమెను చూసి, ఇక స్నానమే అనుకున్నాడు కాబోలు, చెవులు వాల్చి మెడ చాచాడు.

అంతే. ఎర్రక్క గిర్రున తిరిగి, కుండెడు చన్నీళ్లు పెద్దకాపు నెత్తిన దబదబా కుమ్మరించింది!

తలపాగా జారిపోయింది. పెద్దకాపు ఎగిరి గంతేసి, "హుహుహూ" అంటూ నెత్తి నుంచి కాళ్ల దాకా ఒళ్లంతా విదిలించాడు. ముందు వరసవాళ్లందరూ తడిశారు. పోలి కిలకిలా నవ్వింది.

"పెద్దకాపు ఒళ్లు విదిలించాడు. ఒప్పుకున్నట్టే. కొండన్నా, కత్తి తీసుకురా" అంది ఎర్రక్క.

కొండడు అమాయకుడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఒళ్లు విదిలించినవాళ్ల మీదికి కత్తి ఎత్తడమే వాడికి తెలిసిన పని. కత్తి ఎత్తుకుని రెండడుగులు ముందుకు వచ్చి, "ఏమనుకోకండయ్యా, ఆచారం. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు.

"ఒరేయ్ ఒరేయ్! నీ చేతుల్లో కత్తి ఉందిరా!" అని పెద్దకాపు కెవ్వుమన్నాడు. "నేను ఒప్పుకోలేదురా, చలికి వణికాను!"

"వాడూ అంతే కదయ్యా" అంది ఎర్రక్క. "చలికి వణికితే ఒప్పుకున్నట్టు కాదని మీరు నోరు తెరిచి చెప్పారు, బతికిపోయారు. వాడికి మన మాటలు రావు."

డప్పులు ఆగిపోయాయి. కొండడు తన చేతి వైపు తనే కొత్తగా చూసుకుని కత్తి కింద పెట్టాడు. పెద్దకాపు తడిసిన మొహం తుడుచుకుంటూ, "మరి నీ మొక్కు మాటేమిటే?" అన్నాడు మెల్లగా.

ఎర్రక్క గుడి వైపు తిరిగి దండం పెట్టింది. "తల్లీ, ఇస్తానన్నాను, ఇస్తున్నాను. ప్రాణంతోనే ఇస్తున్నాను, నీ కొండ మీద మేపుకో. తప్పయితే అది నేను చేసిన తప్పు. కోపం నా మీద చూపించు, నా బిడ్డ మీద వద్దు" అని ఏడ్చింది. ఈసారి "నా చేతుల్లో ఏముంది" అనలేదు, చూశారా?

బొల్లిగాడి మెడలో అమ్మవారి పేర గంట కట్టి కొండ మీదికి వదిలేశారు. పోలికి జ్వరం రాలేదు. వస్తే రావచ్చు, పిల్లలన్నాక జ్వరాలు రావా? కానీ రాలేదు.

బొల్లిగాడు మాత్రం కొండెక్కే ముందు నేరుగా పొట్టేలు దగ్గరికే పోయాడు. "తాతా, బతికాను!"

"బతుకుతావని రాసే ఉంది, చెప్పలేదూ?" అంది పొట్టేలు.

"నీ ఇష్టంతోనే బతికావు, చెప్పలేదూ?" అంది కాకి. అటుపక్క గుంజ దగ్గర గాడిద తాడు అందినంత మేర గడ్డి కొరుకుతూ ఉంది. ముగ్గురూ గెలిచినట్టే ఉన్నారు, ఎవరు గెలిచారో వాడికి అంతుపట్టలేదు. ఇప్పటికీ కొండ మీద గంట ఒక్కసారిగా ఆగిందంటే, వాడు మేత ఆపి దాని గురించే ఆలోచిస్తున్నాడని ముళ్లవంకవాళ్లు అంటారు.

అవునూ, మీరు ఇంతసేపూ ఊ కొట్టారు కదా! మీ అంతట మీరే కొట్టారా, నేను కొట్టమంటే కొట్టారా? తేల్చి చెప్పండి చూద్దాం. తేలదు లెండి, నాకు తెలుసు.

తేలకపోయినా ఇది గుర్తుంచుకోండి: నొసట ఏం రాసి ఉందో ఎవరూ చదవలేరు గాని, చేతిలో కత్తి ఉందో కుండ ఉందో ఎవరికి వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, దాంతో చేసిన పనికి జవాబు చెప్పుకోవాల్సిందీ వాళ్లే.