ఎదురొచ్చిన కట్టెల మోపు

కొండలింకా కుర్రతనంలో ఉండి, రాత్రిళ్లు ఒకదాంతో ఒకటి గుసగుసలాడుకునే రోజుల్లో, అనగనగా ఒక ఊరు. ఊరి పేరు తుమ్మగెడ్డ. ఆ ఊళ్లో ఒక వైద్యుడు. పేరు పేరయాచారి. కొండ కింద పల్లెలన్నిటికీ ఆయనొక్కడే వైద్యుడు. చాలా మంచి హస్తవాసి. ఆయన నాడి పట్టుకుంటే జ్వరం సిగ్గుపడి దిగిపోయేదంటారు. కానీ ఆయన చేతికి మన చెయ్యి అందడమే గగనం.

ఎందుకంటే, ఏటికి అవతల కోటలో ఒక దొరగారు ఉండేవాడు. ఆయనకి ఏ జబ్బూ లేదు. అందుకే రోజూ భయం. తెల్లారేసరికి గూడుబండి పంపించేవాడు. పేరయాచారి వెళ్లి నాడి చూసి, "దివ్యంగా ఉంది ప్రభూ" అనాలి. తరవాత భోజనం. తరవాత చదరంగం. తరవాత దొరగారికి రాత్రి వచ్చిన కలంతా వినాలి. దొరగారి కలలు చాలా పొడుగు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది.

ఇక్కడ వైద్యుడి ఇంటి అరుగు మీద జనం. కోడి కూయకముందే వచ్చి కూర్చునేవాళ్లు. పేరయాచారి తలపాగా చుట్టుకుంటూ బయటికొచ్చి, అందరినీ దయగా చూసి, ఒకటే మాట అనేవాడు.

"రేపు పెందలాడే రండి. ఇవాళ కోటలో పని."

మర్నాడు ఇంకా పెందలాడే వచ్చేవాళ్లు. మర్నాడూ అదే మాట.

"రేపు పెందలాడే రండి. ఇవాళ కోటలో పని."

కొందరికి ఆ అరుగు మీదే జబ్బు విసుగెత్తి వెళ్లిపోయింది. కొందరు తామే వెళ్లిపోయారు, ఇంటికి కాదు. వేవిళ్లని వచ్చిన ఒకావిడ, బిడ్డకి దగ్గు తగ్గడం లేదని చెప్పుకుంటూ అదే అరుగు మీద ఉంది.

ఇదిలా ఉండగా, ఆ ఊళ్లో నూకాలని ఒక ముసల్ది. నా అన్నవాళ్లు లేరు. కొండెక్కి ఎండుకట్టెలు ఏరుకొచ్చి ఇంటింటికీ వేసేది. వైద్యుడి ఇంట్లో కషాయాల పొయ్యి ఆరదు కదా, రోజూ ఒక మోపు అక్కడే పడేది. ఆమె తిండి అదే.

కానీ కట్టెల మోపు ఎదురొస్తే ఎంత అపశకునమో మీకు తెలుసు. ఎదురొచ్చిందా, బయల్దేరిన మనిషి వెనక్కి రావాలి. కాళ్లు కడుక్కోవాలి. మంచినీళ్లు తాగాలి. కాసేపు కూర్చోవాలి. అప్పుడే మళ్లీ కదలాలి. అందుకని నూకాలు కనిపిస్తే ఊరంతా మొహం తిప్పుకునేది. పేరయాచారి అయితే గట్టిగా చెప్పేశాడు.

"చూడు నూకాలూ, నేను బండెక్కి వెళ్లేదాకా ముందు వైపు కనిపించావో, నీ కట్టెలు మా ఇంట్లో దిగవు."

"అలాగే బాబూ," అంది నూకాలు. అప్పట్నుంచి ఆయన బండి సందు తిరిగేదాకా పక్కింటి గోడ చాటున మోపుతోనే నిలబడేది. మెడ లాగేసినా దించేది కాదు. దింపితే మళ్లీ ఎత్తేవాళ్లుండాలి కదా. ఎవరూ దగ్గరికి రారు.

ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు వరాలు.

వరాలు ఆ ఊరికి కోడలై వచ్చిన పిల్ల. ఆమెని చేసుకున్నవాడి పేరు సన్యాసి. పేరే సన్యాసి గానీ, పెళ్లాం పక్కనుంటే వాడికి ఎండా తెలీదు, వానా తెలీదు. పెళ్లి ఊరేగింపు ఊళ్లోకొచ్చే వేళ, మలుపులో సరిగ్గా నూకాలు మోపుతో ఎదురైంది. సన్నాయి ఆగిపోయింది. "ఓలమ్మో! తిప్పండి పల్లకీ!" అని అత్తగారు గుండెలు బాదుకుంది. నూకాలు భూమిలోకి కుంగిపోయినట్టు నిలబడిపోయింది.

పల్లకీలోంచి వరాలు తల బయటపెట్టింది. చిలకపచ్చ చీర, నుదుటి మీద చెమట ముత్యాలు.

"అప్పా, ఆ మోపులో అడివిమల్లె ఇరుక్కుంది. నాకిత్తావేటి?" అని అడిగింది.

నూకాలు పువ్వు తీసి ఇచ్చింది. వరాలు దాన్ని జడలో పెట్టుకుంది. ఆ రోజు నుంచి నూకాలు ప్రతి మోపులోనూ ఒక పువ్వు గుచ్చేది. వరాలు గుమ్మంలో నిలబడి తీసుకునేది. మోపు దించడానికి చెయ్యి కూడా వేసేది.

అలాంటి వరాలుకి జ్వరమొచ్చింది. పగలూ రాత్రీ దిగని జ్వరం. సన్యాసి ఆమెని వీపున వేసుకుని వైద్యుడి అరుగుకి తీసుకొచ్చాడు.

"దించీ మావా, నీ ఈపిరిగిపోద్ది," అంది వరాలు.

"నువ్వేటి బరువు? పువ్వులాగున్నావు."

"పొలంగట్టు మీదెత్తినప్పుడు దూడలాగున్నానన్నావు కదా."

అరుగంతా నవ్వింది. పేరయాచారి బయటికొచ్చాడు.

"రేపు పెందలాడే రండి. ఇవాళ కోటలో పని."

మర్నాడు మళ్లీ మోసుకొచ్చాడు. వరాలు మాట సన్నగా అయింది. "దూడే నయం మావా, నడిచొచ్చును," అంది. ఎవరూ పెద్దగా నవ్వలేదు. పేరయాచారి బయటికొచ్చాడు.

"రేపు పెందలాడే రండి. ఇవాళ కోటలో పని."

ఊళ్లో అత్తగారిది ఒకటే మాట. "ఆ ముసల్దాని మోపు ఎదురైనప్పుడే అనుకున్నాను. పైగా దాని పువ్వెట్టుకుంది." ఆ మాట నూకాలు చెవిన పడింది. ఆ పూట గంజి ముట్టలేదు. "నిజమేనేమో! నా మోపే ఆ పిల్లని కొట్టిందేమో!" అనుకుంది. మర్నాడు కొండెక్కింది గానీ పువ్వు కొయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజే అసలు కథ.

సన్యాసి వచ్చేసరికి అరుగు మీద ముందు ఇద్దరున్నారు. ఒకడు ముసలి కూర్మయ్య, మోకాళ్ల నొప్పి. రెండోవాడు సాలె అప్పన్న, చెవిలో ఏదో గుంయ్‌మంటోందని.

"తాతా, నా ఆడమనిషిని ముందు సూడనీ. నీకు దండమెడతాను," అన్నాడు సన్యాసి.

"ఓరి గుంటడా, నా మోకాళ్ల నొప్పికి నీ పెళ్లాం కంటే వయసెక్కువ. ముందు నాది," అన్నాడు కూర్మయ్య.

"ముందైనా ఎనకైనా ఏటుందిరా? ఆయనెలాగూ సూడడు," అన్నాడు అప్పన్న చెవి పట్టుకుని.

సన్యాసి మెడ వెనక్కి తిప్పి, "నువ్వు పువ్వులాగున్నావే," అన్నాడు.

వరాలు తల వాడి భుజం మీదకి ఒరిగిపోయింది.

ఈలోగా పేరయాచారి బయటికొచ్చాడు. "రేపు పెందలాడే..." అంటూనే బండెక్కాడు. ఎద్దులు కదిలాయి. సన్యాసి భుజం మీంచి వరాలు చెయ్యి జారి వేలాడింది. గాజులు మణికట్టు దగ్గర గలగలమని ఆగిపోయాయి.

గోడ చాటున నూకాలు ఆ చప్పుడు వింది. చెప్పిన మాట మర్చిపోయింది. తిండి మర్చిపోయింది. నెత్తిన మోపుందన్నదే మర్చిపోయి, "బాబూ, ఒక్కసారి ఆ పిల్ల సెయ్యట్టుకు సూడండి!" అని బండికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఛీ ఛీ! కట్టెల మోపు!" అని పేరయాచారి కళ్లు మూసుకున్నాడు. "తిప్పరా బండి!"

వెనక్కి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. మంచినీళ్లు తాగాడు. కాసేపు కూర్చున్నాడు. ఎక్కడ కూర్చుంటాడు మరి? అరుగు మీదే. ఊరికే కూర్చున్న వైద్యుడి ముందు కూర్మయ్య మోకాలు పెట్టేశాడు. పేరయాచారి చెయ్యి అలవాటు కొద్దీ దాని మీదకి వెళ్లిపోయింది. కూర్మయ్య తను పాకే రోజుల నుంచి మొదలెట్టి చెప్పుకొచ్చాడు. పెళ్లి దాకా వచ్చేసరికి పేరయాచారి ఒక తైలం చేతిలో పెట్టి, "కాసేపు అయింది," అని లేచిపోయాడు.

నూకాలు నోరు తెరుచుకుని చూసింది. అరుగు మీద అంతమందీ చూశారు. వైద్యుడు దొరకడమంటే ఇంతేనా!

బండి సందు చివరికి వెళ్లింది. నూకాలు అడ్డదారిన పరిగెత్తింది. ఈసారి మర్చిపోయి కాదు. మోపు సరిచేసుకుని మరీ ఎదురొచ్చింది.

"మళ్లీనా! నీకు బుద్ధుందా!"

"లేదు బాబూ," అంది నూకాలు.

వెనక్కి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. మంచినీళ్లు తాగాడు. కాసేపు కూర్చున్నాడు. అప్పన్న చెవి ముందుకొచ్చింది. గోరువెచ్చని నూనె చుక్క వెయ్యగానే ఒక పురుగు ఈదుకుంటూ బయటికొచ్చింది. "నా సెవిలో పాట ఆగిపోనాది!" అని అప్పన్న గంతులేశాడు.

పేరయాచారి లేచాడు. ఆయనా తక్కువవాడు కాదు. "బండి పెరటి వైపు తీసుకురా," అని బండివాడికి సైగ చేసి, వంటింట్లోంచి వెళ్లి దొడ్డితలుపు తీశాడు.

తలుపుకి అవతల నూకాలు.

"ఇక్కడేం చేస్తున్నావే!"

"ముందు వైపు కనబడొద్దన్నారు కదా బాబూ. అందుకే ఎనకమాలకొచ్చాను."

లోపల వైద్యుడి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అడక్కుండానే చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. కాళ్లు కడుక్కున్నాడు. మంచినీళ్లు తాగాడు. కాసేపు కూర్చున్నాడు. సన్యాసి వరాలు చేతిని ఆయన చేతిలో పెట్టాడు.

పేరయాచారి మొహంలో చిరాకు ఉన్నట్టుండి పోయింది. తలపాగా తీసి పక్కన పెట్టాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆ నాడి విన్నాడు.

"రేపొస్తే నేను చేసేదేమీ ఉండేది కాదు," అన్నాడు మెల్లగా. ఆ 'రేపు' అన్నమాట ఆయన నోట్లోనే చేదుగా తగిలినట్టుంది. "ఏమే, పెద్ద పొయ్యి వెలిగించు. మంట ఆరకూడదు. కట్టెలేవీ?"

కట్టెలు నూకాలు నెత్తి మీదే ఉన్నాయి. ఆయనే లేచి మోపు దించాడు.

ఆ పగలంతా కషాయం మరిగింది. చెంచా చెంచాగా సన్యాసి పట్టాడు. పొద్దు వాలేవేళ, ఏటి మీంచి చల్లగాలి వీచేవేళ, వరాలు కళ్లు తెరిచింది. మోపు వైపు చూసింది.

"అప్పా, ఇయాల పువ్వేదీ?" అంది.

నూకాలు ఏడ్చిన ఏడుపుకి పొయ్యి ఆరిపోతుందని వైద్యుడి భార్య కోప్పడిందట.

బండి ఖాళీగా కోటకి వెళ్లింది. "ఏమైంది?" అన్నాడు దొరగారు. "మూడుసార్లు మోపు ఎదురొచ్చింది ప్రభూ," అన్నాడు బండివాడు. దొరగారు వణికిపోయి, "అయితే ఇవాళ రావద్దను!" అన్నాడు. ఆ రోజు నాడి చూసేవాడు లేక, దొరగారు హాయిగా నిద్రపోయాడట.

మరి పేరయాచారి మారిపోయాడా? ఎక్కడ! మర్నాడు మళ్లీ తలపాగా చుట్టాడు. మర్నాడు మళ్లీ నూకాలు ఎదురొచ్చింది. "దీని కట్టెలు కొనకు," అన్నాడు భార్యతో. "అయితే దొరగారి చదరంగం బల్ల వెలిగించి వండుకోండి," అందావిడ. ఇంకేమంటాడు? రోజూ తిట్టేవాడు. రోజూ వెనక్కి వచ్చేవాడు. ఎంతమంది అరుగు మీద ఉంటే నూకాలు అన్నిసార్లు ఎదురొచ్చేది. చివరివాళ్లు లేచాక, మోపు దించి పక్కకి తప్పుకుని, "ఎల్లిరండి బాబూ," అనేది.

ఒక చలికాలం నూకాలు పోయింది. కొండ మీద ఒక చెట్టుకి ఆనుకుని, పక్కన మోపు కట్టి పెట్టుకుని, నిద్రపోయినట్టే పోయింది. మోపులో పువ్వుంది.

మర్నాడు పేరయాచారి బండెక్కాడు. బండి సందు చివరికి వచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. దారంతా పొగమంచు.

"ఆపు," అన్నాడు.

బండివాడు ఆపాడు.

"నూకాలు రాలేదు బాబూ. ఇంక రాదు కదా. పోనిమ్మంటారా?"

పేరయాచారి ఆ ఖాళీ దారి వైపు చూశాడు. "రాలేదు. ఇంతకంటే అపశకునం ఏముందిరా? తిప్పు," అన్నాడు.

వెనక్కి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. మంచినీళ్లు తాగాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"ముందెవరు?" అని అడిగాడు.

మళ్లీ ఆ బండి ఎక్కలేదు.

ఆ సాయంత్రం వరాలు వచ్చి అరుగు అంచున ఒక ఎండుకట్టె, దాని మీద ఒక అడివిమల్లె పెట్టి వెళ్లింది. అందుకే ఆ కొండ కింద ఇప్పటికీ ఎవరికి నలతగా ఉన్నా, డాక్టరు గుమ్మం దగ్గర చిన్న పుల్లముక్క పెట్టి, దాని మీద దొరికిన పువ్వు పెడతారు. పెళ్లికి వెళ్లేవాళ్లకి కట్టెల మోపు ఎదురైతే ఇప్పటికీ వెనక్కి తిరుగుతారు. ఆస్పత్రికి వెళ్లేవాళ్లకి ఎదురైతే మాత్రం మొహాలు విప్పారిపోతాయి. "నూకాలు ఎదురొచ్చింది. పదండి పదండి, డాక్టరుగారు ఉంటారు," అంటారు.

ఎవరైనా వైద్యుడు "రేపు రండి" అన్నాడనుకోండి, అరుగు మీది ముసలాళ్లు మారు మాట్లాడరు. నెత్తి మీద మోపు కింది చుట్టకుదురు సరిచేసుకున్నట్టు ఒక్కసారి చెయ్యి పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుంటారు.